తొమ్మిదో చింతపిక్క

మొన్న మంగళవారం ఆమె దగ్గరున్న నా పుస్తకం తిరిగొచ్చింది. ఆమె రాలేదు, కూతురొచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన పుస్తకాన్ని నా ఒళ్ళో పెట్టి, "అమ్మ పోయింది సార్, పదైదు దినాలయింది" అని చెప్పింది. చెప్పి పక్క కుర్చీలో కూర్చుని, లోపల తన పేరు పిలుస్తారేమోనని తలుపు వైపు చూడసాగింది. డయాలసిస్‌కు వంతు తప్పితే ఆ పిల్ల బతుకు తప్పుతుంది. తల్లి కోసం ఏడవడానికైనా ముందు ఆ వంతు చూసుకోవాలి. నేను చీర ముక్క ముడి విప్పుతూ కూర్చున్నాను.

ఆమె పేరు నేను రాయను. తిరుపతిలో ఆ ఆసుపత్రి డయాలసిస్ వార్డు బయట వరండాలో కూర్చునే మాలో ఎవరికీ పేర్లు ఉండవు. ఊరి పేరో, చేసే పనో మనిషి పేరైపోతుంది. ఆమెది ఐరాల, అందుకే ఐరాలక్క. నేను అయివారు, అంటే బడి పంతులు. చంద్రగిరి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లోపల మిషను మీద ఆమె కూతురు, ఇరవై మూడేళ్ళ పిల్ల, డిగ్రీ మధ్యలో ఆపేసింది. పక్క వరుసలో నా తమ్ముడు. వాడికి ముప్పై ఎనిమిదేళ్ళు, సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. మంగళ, గురు, శనివారాలు ఏడున్నరకు వాళ్ళను లోపలికి పంపితే పదకొండున్నర దాకా మేము వరండాలో ఉండాలి.

ఆ నాలుగు గంటలు గడవక నేనొక పుస్తకం తెచ్చుకునేవాణ్ణి. 'ఎనిమిదిళ్ళ వీధి' అని ఒక వరస పుస్తకాలు, చిన్నచిన్నవి, ఎనిమిది భాగాలు. ఒక సందు, అటు నాలుగిళ్ళు ఇటు నాలుగిళ్ళు, మధ్యలో ఒక కొళాయి. ఆ వీధిలో ఎవరూ చావరు. ఎవరికీ జ్వరం కూడా రాదు. వీధి వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పొరపాటున పెట్టిన పెళ్ళిచూపుల ఫోటో మీద ఒక భాగమంతా నడుస్తుంది. పార్సిలు ఒక ఇంటికి రావాల్సింది ఇంకో ఇంటికి పోతే ఇంకో భాగం. మొదటి ఇంటి పెద్దాయనకు ఒక నిచ్చెన ఉంది. వీధంతా దాన్ని వాడుకుంటుంది, అది ఆయన ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఉండదు. నలభయ్యారేళ్ళ లెక్కల అయివారు ఇలాంటివి చదవడమేమిటని ఎవరైనా అనుకుంటారని అట్టకు న్యూస్‌పేపరు చుట్టేవాణ్ణి. కానీ తమ్ముడి రిపోర్టుల్లో అంకెలు చదివి చదివి, ఎవరికీ ఏమీ కాని పుస్తకం ఒకటి నాకు కావలసి వచ్చింది.

నేను ఒంటరిగా నవ్వుకోవడం ఆమె పట్టేసింది.

"ఈడ కూసోని నవ్వేదానికి ఏముండాది అయివారా? మాగ్గూడా సెప్పు. నవ్వి శానా నెలలయింది" అంది.

కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా ఆమె కిందే కూర్చునేది. స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని. "కుర్సీలో కూసుంటే ఎవురో ఒకరు లెయ్యమంటారని గుండె కొట్టుకుంటా ఉంటాది" అనేది. బక్కపలచని మనిషి. చేతులు మాత్రం పెద్దవి. ఊళ్ళో చింతపండు కొట్టే కూలికీ, చెరుకు నరికే కూలికీ పోయిన చేతులు.

నేనొక పేజీ చదివి వినిపించాను. నిచ్చెన పోయిందని పెద్దాయన వీధి మధ్యలో నిలబడి అరుస్తాడు, ఏడిళ్ళవాళ్ళూ మా ఇంట్లో లేదంటే మా ఇంట్లో లేదంటారు. ఆమె నవ్వలేదు. "ఎన్ని ఇండ్లు?" అంది. ఎనిమిది అన్నాను. కొంగు ముడి విప్పి చింతపిక్కలు తీసింది. ఎనిమిది ఏరి, నేల మీద అటు నాలుగు ఇటు నాలుగు పేర్చింది. "ఇప్పుడు సదువు. నిచ్చెనాయన ఇల్లు యాది?" అంది.

ఆ రోజు నుంచీ చదవడం నా పని, వీధిని నడపడం ఆమె పని. ఆమెకు చదువు రాదు, కానీ ఏ ఇంటికి ఏ ఇంటితో మాటలు లేవో నాకంటే ఆమెకే బాగా తెలుసు. అలిగిన ఇంటి పిక్కను వేలితో కాస్త దూరం జరిపేది. రాజీ పడితే మళ్ళీ దగ్గరికి లాగేది. నేను పేర్లు కలగలిపి చదివితే, "ఆమె గాదు అయివారా, ఆమె మూడో ఇంటామె, కుక్కరు ఇచ్చినామె" అని సరిచేసేది. రెండు వారాలు తిరిగేసరికి పలమనేరు నుంచి వచ్చే ముసలాయన, రేణిగుంట అమ్మాయి, ఇంకో ఇద్దరు ముగ్గురు మా చుట్టూ చేరారు. ఒకసారి అందరం కలిసి ఎంత గట్టిగా నవ్వామంటే, సిస్టరు తలుపు తీసి, "లోపల బీపీలు చూసుకోవాలి, కాస్త మెల్లగా" అని కోప్పడింది. అలా అంటూ తనూ ఒక నిమిషం నిలబడి విని పోయింది.

నిచ్చెన విషయంలో ఐరాలక్క తీర్పు మొదటి రోజే అయిపోయింది. వాళ్ళది కాణిపాకం పక్క. అక్కడి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే బతికి బట్టకట్టరని ఆ చుట్టుపక్కల అందరికీ గట్టి నమ్మకం. దొంగతనమైనా, గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్ళాల అనుమానమైనా, కోనేట్లో ముంచి దేవుడి ముందు నిలబెడితే తేలిపోవాల్సిందే.

"ఎనిమిది ఇండ్లోళ్ళనీ కాణిపాకానికి తోడుకోని పోవల్ల" అంది. "తడిగుడ్డలతో నిలబెడితే నిచ్చెన అదే నడుసుకుంటా వస్తాది."

"కథ రాసినాయన తీసుకుపోవాలి కదక్కా!"

"ఆయనకు తెలీదేమో. ఒగ కార్డు ముక్క రాసి పడెయ్, నీకు సదువొచ్చు గదా."

ఆ భాగం చివర్లో నిచ్చెన పెద్దాయన ఇంటి వెనక గోడకే ఆనించి ఉంటుంది. ఎవరో తిరిగిచ్చి పోయారు, ఆయన వెనక్కి పోయి చూసుకోలేదు. అది వినగానే ఐరాలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా, చప్పుడు లేకుండా నవ్వింది. "మా మొగుడు ఇట్లాంటోడే" అంది కళ్ళు తుడుచుకుంటూ. మొగుడు పోయి తొమ్మిదేళ్ళని అంతకుముందే చెప్పి ఉంది.

ఆమె ఏం కోరుకుంటోందో వరండాలో అందరికీ తెలుసు. తన కిడ్నీ ఒకటి కూతురికి పెట్టించాలి. దాని కోసమే దగ్గరున్న చిత్తూరు ఆసుపత్రి వదిలి తిరుపతి దాకా, పూతలపట్టులో బస్సు మారి మరీ వచ్చేది. ఇక్కడైతే ఆపరేషన్ చేసే డాక్టర్లు కంటి ముందు ఉంటారని. కనపడిన ప్రతి తెల్లకోటునూ ఆపి, "మాది ఎప్పుడు పెడతారు సార్?" అని అడిగేది. ఆయన చర్మం డాక్టరైనా, ఎముకల డాక్టరైనా ఆమెకు ఒకటే.

ఒక కొడుకు కూడా ఉన్నాడు. నాయుడుపేట దగ్గర కంపెనీలో పని. అతని సంగతి నేనే అడిగాను, ఎందుకు అడిగానో తెలియదు.

"అడిగినా. 'నాకు పిల్లోళ్ళుండారు మా' అన్నాడు" అంది చింతపిక్కలు సర్దుతూ. "నిజమే గదా, వాని పిల్లోళ్ళకు వాడు కావద్దా? వాడు సెడ్డోడు గాదు. భయం, అంతే. భయానికి పిల్లోళ్ళని పేరు పెట్టుకున్నాడు."

నాకు ఇద్దరాడపిల్లలు. నేను పుస్తకంలోకి చూశాను.

"నీ తమ్మునికి నువ్వు ఇయ్యలేదా అయివారా?" అంది. నిందించడానికి అడగలేదు. సాటి మనిషి కష్టం తెలుసుకుందామని అడిగింది.

"పరీక్షలు చేశారక్కా. కలవలేదు" అన్నాను.

అది అబద్ధం. పెద్ద డాక్టరు నాతో మూడు నెలల కిందటే చెప్పాడు. అన్నదమ్ములది ఒకే గ్రూపు, మిగతా పరీక్షలు చేయించుకోండి, కలిస్తే ఒకటి ఇవ్వొచ్చు, ముందుగా ఒకరోజు పరగడుపున వచ్చి రక్తం ఇవ్వండి, ల్యాబు ఏడింటికి తెరుస్తారు అన్నాడు. అంతే. ఆ ఒక్క పరగడుపు నాకు సాధ్యం కాలేదు. మా ఇంట్లో ఆరింటికి కాఫీ. నా భార్య ఈ విషయంలో ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. గ్లాసు తెచ్చి నా ముందు పెడుతుంది, పిల్లలిద్దరినీ లేపడానికి లోపలికి పోతుంది. మొదటిసారి నిజంగానే మరిచిపోయి తాగాను. తర్వాత మూడుసార్లు మరిచిపోలేదు. తాగి, తమ్ముణ్ణి స్కూటరు మీద ఎక్కించుకుని ఆసుపత్రికి పోయాను. వాడు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే కోపమైనా తెచ్చుకునేవాణ్ణి.

నా అబద్ధం విని ఐరాలక్క నన్ను ఓదార్చింది. అది ఇప్పటికీ నాకు మింగుడు పడదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, "పోనీలే అయివారా. నువ్వు ఇస్తానంటివి గదా, అది సాలు. దేవుడు కలపకపోతే నువ్వేం సేస్తావు?" అంది.

వారం తిరగకుండా ఆ అబద్ధం బయటపడింది. నేను నాలుగో భాగం చదువుతుండగా ల్యాబు సిస్టరు వరండాలోకి వచ్చి అందరి ముందూ అడిగింది, "సార్, ఇవాళైనా పరగడుపున వచ్చారా? మీ రక్తం ఇంకా తీయలేదు. మీ తమ్ముడి ఫైలు అలాగే ఆగి ఉంది."

"కాఫీ తాగేశాను సిస్టర్" అన్నాను.

ఆమె విసుక్కుంటూ పోయింది. నేను తల ఎత్తలేదు. ఐరాలక్క చేతిలో ఒక చింతపిక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత నేల మీద పెట్టి, "సదువు అయివారా. పార్సిలు ఎవురింటికి పోయింది?" అంది. నేను చదివాను. ఆ రోజు ఏం చదివానో నాకు గుర్తులేదు.

తర్వాతి శనివారం కాణిపాకం నుంచి విభూతి పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ కోసం ఒగ మొక్కు మొక్కినా. ఏందని అడగొద్దు" అంది. నేను అడగలేదు. పరీక్షలు కలవాలని మొక్కి ఉంటుంది అనుకున్నాను. నన్ను ఒక్క మాటా అననందుకు బతికిపోయాననుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆమె వంతు పరీక్షలు ఆ నెలలోనే వచ్చాయి. ఒక పొద్దున పక్కన ఎవరూ లేకుండా చూసి, నా కుర్చీ దగ్గరికి జరిగింది.

"డాక్టరమ్మ అడిగింది అయివారా, షుగరు ఉండాదా అని. లేదంటిని."

"ఉందా అక్కా?"

"ఆరేండ్లయింది. పొద్దున ఒగటి, మాపిటికి ఒగటి మాత్ర. ఇప్పుడు మానేసినా."

"అయ్యో, మానితే ఎట్లాగక్కా!"

"మాత్ర ఒంట్లో ఉంటే రక్తం తీసినప్పుడు దొరికిపోతాది గదా. అందుకే ఇరవై దినాల ముందే మానేసినా. అన్నం మానేసినా. పొద్దున ఇంత రాగి అంబలి, అంతే. తిండే తినకపోతే సక్కెర యాడినించి వస్తాది?"

నేను కాణిపాకం వైపు మనిషి నోట అబద్ధం వినడం అదే మొదలు. అది ఎంత తప్పో ఆమెకూ తెలుసు. వాళ్ళ బస్సు కాణిపాకం మీదుగానే వచ్చేది. అంతకుముందు గుడి కనపడగానే కిటికీలోంచి దండం పెట్టుకునే మనిషి, ఇప్పుడు ఆ మలుపు రాగానే తల మీద కొంగు కప్పుకుని అవతలి వైపు తిరిగి కూర్చుంటోందట. "ఆయప్ప మొగం సూడలేను. పాప బాగయినాక పొయ్యి, తడిగుడ్డతో నిలబడి ఒప్పుకుంటా. ఏం సేసుకుంటాడో సేసుకోనీ" అంది.

మాత్రలు మానితే తగ్గదు, పెరుగుతుంది అని నేను చెప్పాను. చెప్పాను కానీ గట్టిగా చెప్పలేదు. గట్టిగా చెబితే ఆమె నా కాఫీ మాట ఎత్తుతుందని భయం. ఆమె ఎత్తేది కాదు, నాకిప్పుడు తెలుసు. డాక్టరమ్మకు చెప్పి ఉండాల్సింది. ఎవరికీ చెప్పొద్దని ఆమె నా చేత మాట తీసుకుంది, ఆ మాట అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. ఒకరం కడుపు మాడ్చుకుని, ఇంకొకరం కడుపు నింపుకుని కూర్చున్నాం, ఒకే స్తంభం దగ్గర.

వేలు పొడిచి చూసేది ఒక్క పరీక్షే అయితే ఆమె గట్టెక్కేదేమో. వాళ్ళు ఇంకొకటి కూడా చేశారు. మూడు నెలల చక్కెర అంతా ఒకేసారి చెప్పేసే పరీక్ష. డాక్టరమ్మ మంచిదే, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పిందట. నీకు ఉన్న రెండూ నీకే చాలవు, నువ్వు ఇవ్వకూడదు, పాప పేరు జాబితాలో రాస్తాం, ఎవరైనా చనిపోయినవాళ్ళవి వస్తే పిలుస్తాం అని.

ఆ గదిలోంచి బయటికి వచ్చి ఐరాలక్క తన చోట్లో కూర్చుంది. వీపు స్తంభానికి ఆనలేదు. ఏడుస్తుందేమోనని మేమంతా ఆమె వైపే చూస్తున్నాం. ఆమె కొంగు ముడి విప్పి ఎనిమిది పిక్కలూ పేర్చింది.

"సదువు" అంది.

అది అయిదో భాగం. వీధి మొదట్లో మిద్దె మీద ఒక గది ఖాళీ అయింది, 'అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు పెట్టారు. ఎవరు దిగుతారోనని ఎనిమిదిళ్ళవాళ్ళూ పందేలు కాస్తుంటారు. వంట మాస్టరు దిగితే బాగుండునని ఒకరు, కొళాయి రిపేరు చేసేవాడైతే మేలని ఒకరు. నేను చదువుతుంటే ఆమె ఇంకో పిక్క తీసి నిచ్చెన ఇంటి పక్కన పెట్టింది.

"ఇది మాది" అంది. "ఆ గదిలో మేం దిగుతాం, నేనూ పాపా. పాలు పొంగిచ్చి, ఎనిమిది ఇండ్లకూ తలా ఒగ గలాసు పాయసం ఇచ్చేసి వస్తా."

"సరే అక్కా, దిగండి" అన్నాను. పలమనేరు ముసలాయన మెల్లగా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. పిక్కల వైపు చూస్తూ అడిగింది. "నిచ్చెన అడిగితే ఇస్తారు. కుక్కరు అడిగితే ఇస్తారు. పెండ్లికి బంగారు కూడా ఇచ్చినారు, రెండో బుక్కులో. అయివారా, ఎనిమిది ఇండ్లు ఉండాయి గదా. పెద్దోళ్ళు, సిన్నోళ్ళు ఒగ ముప్పై మందన్నా ఉంటారు. ఒక్కరన్నా కిడ్నీ ఇయ్యరా?"

నేను పుస్తకం పేజీలు ఊరికే తిప్పాను, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"అడిగితే ఇస్తారక్కా" అన్నాను.

"ఇస్తారు" అంది. "ఇచ్చేటోళ్ళే. ఆ వీధోళ్ళు మంచోళ్ళు."

ఆమె ఏడవడం అదొక్క రోజే నేను చూశాను. అది కూడా నవ్వినట్టే, కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా.

తర్వాత నాలుగైదు సార్లే వచ్చింది. ఎడమ కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుతోంది. చెరుకు మోడు గుచ్చుకుందట. గుడ్డ మీద పసుపచ్చగా తడి కనబడుతోంది. "ఆసుపత్రిలోనే ఉన్నాం కదక్కా, చూపించు" అన్నాను. "సూపిస్తే నన్ను పండబెడతారు. పాపను ఎవురు తోడుకోని వస్తారు?" అంది. మళ్ళీ మాత్రలు వేసుకుంటున్నావా అంటే, "ఈసారి సరిగ్గా మూడు నెలలు కడుపు కట్టుకుంటా. అప్పుడు ఇంగోసారి రక్తం సూడమని అడుగుతా" అంది. ఆమెకు కావలసింది అదొక్కటే. దానికి ఏ దారీ లేదని డాక్టరమ్మ చెప్పినా ఆమెకు ఎక్కలేదు. కాదన్నవాళ్ళు కూడా సగమే కాదంటున్నారని అనుకుంది.

చివరిసారి పోతూ అయిదో భాగం అడిగి తీసుకుంది. "ఇంట్లో పెట్టుకుంటా. ఆ వీధి మాకాడికే వచ్చినట్టుంటాది" అంది.

తర్వాత తల్లీ కూతురూ ఇద్దరూ రాలేదు. మూడు వారాలపాటు ఆ స్తంభం దగ్గర ఎవరూ కూర్చోలేదు. పిల్లకు ఏదో అయిందనే మేమంతా అనుకున్నాం. తల్లి గురించి ఒక్కరికీ అనుమానం రాలేదు.

చిత్తూరు ఆసుపత్రిలో తల్లి మంచం మీద ఉంటే, పిల్లకు అక్కడే మిషను పెట్టారట. కాలు తీసెయ్యాలన్నారట, తీసేలోపలే విషం ఒళ్ళంతా ఎక్కింది. ఇదంతా మంగళవారం పొద్దున ఆ పిల్ల నాకు తలుపు వైపు చూస్తూనే చెప్పింది. చీర ముక్క ముడి వదిలేసరికి పుస్తకంతో పాటు చింతపిక్కలు నా ఒళ్ళో పడ్డాయి. లెక్కబెట్టాను. తొమ్మిది ఉన్నాయి.

"ఆ గదిలోకి ఎవరు దిగినారు సార్? అమ్మ అడుగుతానే ఉండింది" అంది పిల్ల.

నాకు తెలుసు, ఆరో భాగంలో ఉంది. ఒక డ్యాన్సు మాస్టారు దిగుతాడు. చెప్పలేకపోయాను. "ఇంకా ఎవరూ దిగలేదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. "సార్, ఇంకోటి అడగల్ల మిమ్మల్ని. అమ్మ కాణిపాకంలో మీ మీద ఒక మొక్కు మొక్కింది, తెలుసు కదా" అంది.

"తెలుసమ్మా. పరీక్షలు కలవాలని."

"కాదు సార్. మీరు కాఫీ తాగకుండా వచ్చిన దినం నూటొక్క టెంకాయలు కొడతానని."

ఒళ్ళో పడ్డ పిక్కల్ని గుప్పిట్లోకి పోగుచేశాను.

"ఆయన మంచోడు, ఆ ఒక్క కాఫీ ఆయన్ని పట్టుకోని ఉండాది అనేది అమ్మ" అంది పిల్ల. "ఇప్పుడు ఆ మొక్కు నా మీద పడింది సార్. అమ్మ చివర్లో నా చేత మాట తీసుకునింది. జరగకముందే కొట్టకూడదంట. జరిగినాక కొట్టకపోతే తప్పంట. మీరు ఎప్పుడని చెప్తే..." ఆగి, తన చెయ్యి చూసుకుంది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం మీద మెల్లగా వేలితో రాసుకుంది. "నేను ఉన్నప్పుడే చెప్పండి సార్. నా తర్వాత మా ఇంట్లో కొట్టేవాళ్ళు ఎవరూ లేరు."

లోపల ఆమె పేరు పిలిచారు. లేచి, చున్నీ సర్దుకుని పోయింది. ఆ రోజు మాత్రం అన్న నాయుడుపేట నుంచి వచ్చి బస్సెక్కించి పోయాడట, ఇకమీద ఒక్కతే వస్తుందట.

అది మంగళవారం. ఈ రోజు గురువారం. అయిదింటికే మెలకువ వచ్చి కూర్చున్నాను. చేతులు ఊరుకోక, ఆమెను గురించి ఈ నాలుగు పేజీలూ రాశాను. మధ్యలో నా భార్య వచ్చి, ఎప్పటిలాగే గ్లాసు నా ముందు పెట్టి, కాసేపు నిలబడి, పిల్లల్ని లేపడానికి పోయింది. పొగలు ఆగిపోయాయి. పైన మీగడ కట్టింది. అవతలి గదిలో తమ్ముడు లేచిన చప్పుడు, స్కూటరు తాళం కోసం వెతుకుతున్నాడు. గ్లాసు పక్కన తొమ్మిది చింతపిక్కలు వరసగా పేర్చి పెట్టుకున్నాను. ల్యాబు ఏడింటికి తెరుస్తారు. ఇప్పుడు ఆరూ నలభై. కాఫీ ఇంకా తాగలేదు.